ఎలుక తిప్పిన గాలిమర

పదిహేడో శతాబ్దం నడిమి సంగతి. ఇంగ్లండులో గ్రాంథమ్ అని ఒక చిన్న ఊరు. అక్కడ మందులకొట్టు నడిపే క్లార్క్ గారింట్లో ఉంటూ ఒక పిల్లవాడు బడికి వెళ్ళేవాడు. తండ్రి వాడు పుట్టకముందే పోయాడు. వాడికి మూడేళ్ళప్పుడు తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని, పిల్లవాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి వేరే ఊరు వెళ్ళింది. ఆ రెండో భర్త కూడా పోయాక తిరిగొచ్చింది. పిల్లవాడు తోటివాళ్ళతో ఆడేది తక్కువ. దాచుకున్న డబ్బులతో రంపాలు, సుత్తులు, ఉలులు కొనుక్కుని గదిలో ఏదో ఒకటి చెక్కుతూ ఉండేవాడు.

ఆ రోజుల్లో ఊరి బయట దారి పక్కన కొత్తగా ఒక గాలిమర కడుతున్నారు. మన పిల్లవాడు రోజూ పోయి పనివాళ్ళ పక్కనే నిలబడి చూశాడు. ఏ చెక్క దేనిలో కూర్చుంటోంది, ఏ చక్రం దేన్ని తిప్పుతోంది, అన్నీ మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి అచ్చం అలాంటిదే చిన్నది చేశాడు. గుడ్డ రెక్కలు కట్టి ఇంటి కప్పు మీద పెడితే అది గాలికి తిరిగింది. అంతటితో ఊరుకోలేదు. గాలి లేనప్పుడు కూడా తిరగాలని లోపల ఒక చక్రం పెట్టి, దాన్ని తిప్పే పని ఒక ఎలుకకు అప్పగించాడు! తోకకు దారం కట్టి లాగితే పరిగెత్తేదని కొందరు, చక్రం పైన గింజలు పెడితే అందుకోబోయి తిప్పేదని కొందరు చెప్పారట. ఆ ఎలుకను మరాడించే ఆసామి అని పిలిచేవాడు. విసరమని ఇచ్చిన గింజలను ఆ ఆసామే తినేస్తున్నాడని నవ్వేవాడు.

ఈ పిల్లవాడి పేరు ఐజాక్ న్యూటన్. ఆయన పోయిన కొత్తలో విలియం స్టూక్లీ అనే వైద్యుడు గ్రాంథమ్‌లో ఇంకా బతికున్న ముసలివాళ్ళను అడిగి ఈ కబుర్లు సేకరించాడు కాబట్టి మనదాకా వచ్చాయి. ఆపిల్ కథ అందరికీ తెలుసు. నాకు మాత్రం ఎలుక కథే ఎక్కువ ఇష్టం. ఆపిల్ దానంతట అదే పడింది, గాలిమరను వాడు కూర్చుని చేశాడు.

తర్వాత జరిగింది ప్రతి ఇంట్లో జరిగేదే. పదహారు పదిహేడేళ్ళు వచ్చేసరికి తల్లి బడి మాన్పించి, "ఇక పొలం చూసుకో" అని ఇంటికి తీసుకొచ్చింది. గొర్రెలు కాయమంటే ఈయన వాగులో నీటిచక్రాలు కడుతూ కూర్చునేవాడు. గొర్రెలు తప్పించుకుని కంచెలు పాడుచేస్తే ఊరి పంచాయతీ లాంటి కోర్టులో జరిమానా కట్టాల్సి వచ్చింది. చివరికి బడి పంతులూ మేనమామా కలిసి నచ్చజెప్పి మళ్ళీ చదువుకు పంపించారు. ఆ తల్లిని తప్పుపట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను పట్టలేను. ఇద్దరు భర్తలు పోయి, పొలం మీద ఆధారపడ్డ ఆడమనిషికి ఎలుక తిప్పే చక్రంలో భవిష్యత్తు ఎలా కనిపిస్తుంది చెప్పండి?

గాలిమర అన్న మాట చూడండి ఎంత బాగుందో. మర అంటే యంత్రం. కానీ మన ఇళ్ళలో మర అంటే ముందు గుర్తొచ్చేది పిండిమరే. "ఈ గోధుమలు మరాడించుకు రా" అనే కదా పిల్లల్ని తరిమేది. గాలిమర కూడా పుట్టింది ఎక్కువగా పిండి కోసమే. ఇప్పుడు మా రామగిరి కొండల మీద వరసగా నిలబడి తిరిగే తెల్ల రెక్కలు ఒక్క గింజ కూడా విసరవు, కరెంటు పుట్టిస్తాయి. అయినా వాటిని గాలిమరలనే అంటున్నాం.

అన్నిటికంటే ముందు రాతలో కనిపించే గాలిచక్రం మాత్రం పిండి విసరలేదు, పాట పాడింది. ఒకటో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన హీరో అనే ఆయన గాలిచక్రంతో కొట్టం ఆడించి, దాంతో గొట్టాల వాద్యం ఊదించే ఏర్పాటు వర్ణించాడు. అంటే మొదటిది ఆటవస్తువే. నిజంగా తిండి గింజలు విసిరే గాలిమరలు పర్షియా తూర్పు కొసన సీస్తాన్‌లో ఉన్నట్టు పదో శతాబ్దపు అరబ్బు రచయితలు రాశారు. వాటి ఇరుసు నిట్టనిలువుగా ఉంటుంది. మన తిరగలికి పిడి బదులు ఒక పొడుగాటి దుంగ నిలబెట్టి, దానికి చుట్టూ రెక్కలు కట్టినట్టు ఊహించుకోండి. పళ్ళచక్రాల గొడవ లేకుండా రెక్కలతోపాటే రాయి తిరుగుతుంది. ఇరాన్‌లో నష్తిఫాన్ అనే ఊళ్ళో మట్టిగోడల మధ్య ఇలాంటివి ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

యూరప్ వాళ్ళు ఇరుసును పడుకోబెట్టారు. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని వీడ్లీ దగ్గర 1185లో ఒకటి ఉన్నట్టు దస్తావేజు ఉంది. ఇరుసు అడ్డంగా, తిరగలి రాయి నిలువు ఇరుసు మీద, కాబట్టి మధ్యలో చెక్క పళ్ళచక్రాలు కావలసి వచ్చాయి. గాలి దిక్కు మారినప్పుడల్లా రెక్కల్ని అటు తిప్పాలి కూడా. తొలినాళ్ళలో మర ఇల్లు మొత్తాన్ని ఒకే లావు స్తంభం మీద నిలబెట్టి, వెనక తోకలా ఉన్న పెద్ద దూలాన్ని పట్టుకుని మనుషులే తోసేవారు.

ఇలా ఆరువందల ఏళ్ళు గడిచాయి. రెక్క ఎంత వాలుగా ఉండాలి, ఎంత వెడల్పు ఉండాలి అన్నది తండ్రి చేసింది చూసి కొడుకు చేయడమే తప్ప కొలిచి చూసినవాళ్ళు లేరు. ఆ పని చేసినవాడి గురించే ఈ వ్యాసం రాయాలనుకున్నాను, న్యూటన్ మధ్యలో దూరాడు.

జాన్ స్మీటన్ 1724లో లీడ్స్ దగ్గర ఆస్థార్ప్‌లో పుట్టాడు. తండ్రి వకీలు. ఈయన చిన్నతనం చదువుతుంటే నాకు గుండె గుభేలుమంది. ఒకరోజు పిల్లవాడు ఎక్కడా కనిపించక ఇంటిల్లిపాదీ వెతికితే, కొట్టం కప్పు మీద ప్రమాదకరంగా కూర్చుని గాలిమర లాంటిదేదో బిగిస్తూ కనిపించాడట. ఇంకొన్నాళ్ళకు పంపు బిగించే పనివాళ్ళ వెనకే తిరిగి, వాళ్ళు కోసి పారేసిన గొట్టం ముక్క తెచ్చుకుని నీళ్ళు తోడే చిన్న పంపు చేశాడు. మరి కొంచెం పెద్దయ్యాక దగ్గర్లోని బొగ్గుగనిలో పెట్టిన యంత్రాన్ని చూసొచ్చి, దాని నమూనా కట్టి, ఇంటి ముందున్న చేపల చెరువు మీద ప్రయోగించాడు. యంత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. చెరువు ఎండిపోయింది, చేపలన్నీ చచ్చిపోయాయి. తండ్రి ఏమన్నాడో మనం ఊహించుకోవచ్చు.

ఆ తండ్రి కొడుకును వకీలును చేద్దామని లండన్ పంపాడు. కొన్నాళ్ళకే కొడుకు తనకు ఆ పని పట్టదని ఉత్తరం రాశాడు. తండ్రి ఒప్పుకున్నాడు, కొలత పరికరాలు తయారుచేసే పని నేర్చుకోనిచ్చాడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక వకీలు తన ఒక్కగానొక్క మగపిల్లవాణ్ణి చేతిపనికి వెళ్ళనివ్వడం చిన్న సంగతి కాదు.

1752, 53 ప్రాంతాల్లో స్మీటన్ నీటిచక్రాల మీద, గాలిరెక్కల మీద ప్రయోగాలకు దిగాడు. గాలిమర కట్టలేదు, నమూనా కట్టాడు. ఇరుసు మధ్య నుంచి రెక్క కొస వరకు 21 అంగుళాలు. మన చేతికర్రలో సగమన్నమాట. ఇక్కడే ఒక చిక్కు. రెండు రకాల రెక్కల్లో ఏది మంచిదో తేల్చాలంటే రెండింటి మీదా ఒకే గాలి వీచాలి. గాలి ఎవరి మాట వింటుంది? అందుకని ఆయన ఆలోచన తిరగేశాడు. గాలి రెక్కల దగ్గరికి రాకపోతే, రెక్కల్నే గాలిలోకి తోసుకుపోదాం అనుకున్నాడు. ఒక నిలువు స్తంభానికి పొడుగాటి చెయ్యి అమర్చి, ఆ చేతి కొసన నమూనా బిగించాడు. స్తంభానికి చుట్టిన తాడు లాగితే చెయ్యి గుండ్రంగా తిరుగుతుంది, దానితోపాటు నమూనా గాలిని చీల్చుకుంటూ పోతుంది, రెక్కలు తిరుగుతాయి. తాడు ఎప్పుడూ ఒకే వేగంతో లాగడానికి పక్కన లోలకం ఊగుతూ తాళం వేసేది. రెక్కలు తిరిగినకొద్దీ వాటి ఇరుసుకు ఒక దారం చుట్టుకుని, ఆ దారానికి వేలాడే తక్కెడపళ్ళాన్ని పైకి లాగేది. పళ్ళెంలో ఎంత బరువు, ఎంత సేపట్లో, ఎంత ఎత్తు. అంతే లెక్క.

1759లో ఈ ఫలితాలు రాయల్ సొసైటీ ముందు చదివితే ఆ ఏడు కోప్లీ పతకం ఇచ్చారు. అందులో తేలినవి కొన్ని చెబుతాను, పెరట్లో గాలిమర చేద్దామనుకునేవాళ్ళకు ఇవాళ్టికీ పనికొస్తాయి.

రెక్క గాలికి పూర్తిగా ఎదురుగా చదునుగా ఉంటే తిరగదని అందరికీ తెలుసు, కొంచెం వాలు ఉండాలి. ఎంత? ఒక ఫ్రెంచి గణితవేత్త లెక్కకట్టి, రెక్క తిరిగే తలం నుంచి 35 డిగ్రీలు అన్నాడు. స్మీటన్ కొలిస్తే, పరీక్షించిన వాటిలో అదే అన్నిటికంటే తక్కువ పని చేసింది! ఆ లెక్క ఆగి ఉన్న రెక్కకు వేసింది. తిరుగుతున్న రెక్కకు గాలి వేరే కోణంలో తగులుతుంది. చదునైన రెక్కకు 15 నుంచి 18 డిగ్రీలు చాలని, అంతకన్నా మెలితిప్పిన రెక్క మేలని తేలింది. ఇరుసు వైపు 18, 19 డిగ్రీలతో మొదలై, పోనుపోను తగ్గి, కొస దగ్గర 7 డిగ్రీలు. చదువుకోని డచ్చి మరకట్టేవాళ్ళు చేస్తూ వచ్చిన మెలిక దాదాపు ఇదే.

రెండోది నాకు బాగా నచ్చింది. రెక్కలు ఎంత ఎక్కువ పెడితే అంత బలం అనుకుంటాం కదా. వలయంలో ఎనిమిదింట ఏడు వంతులు నిండేవరకు బలం పెరుగుతుందని, ఆపైన ఇంకా గుడ్డ కప్పితే తగ్గుతుందని చూపించాడు. గాలి లోపలికి వస్తే చాలదు, బయటికి పోవడానికీ సందులుండాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. గాలి వేగం రెట్టింపైతే గాలిమర చేసే పని రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లు. ఘనం అన్నమాట. ఇవాళ కోట్లు పెట్టి గాలిమరలు ఎక్కడ నిలబెట్టాలో వెతికేవాళ్ళు చూసేది ఈ లెక్కే. అది 21 అంగుళాల బొమ్మ నుంచి, తక్కెడపళ్ళెం నుంచి వచ్చింది.

స్మీటన్ తర్వాత ఎడ్డీస్టోన్ దీపస్తంభం కట్టాడు, వంతెనలు, కాలవలు కట్టాడు, 1782లో న్యూకాజిల్‌లో అయిదు రెక్కల గాలిమర కట్టాడు. ఇంటి ఆవరణలో తనకోసం నాలుగంతస్తుల బురుజు ఒకటి వేయించుకున్నాడు. కింద కొలిమి, దానిపైన తరిణె, ఆపైన నమూనాల గది, ఇంకా పైన రాసుకునే గది. నమూనాలకంటూ ఇంట్లో ఒక గది! మన ఇళ్ళలో సగం చేసిన బొమ్మ మంచం కింద రెండు రోజులుంటే చీపురుతో బయటికి తోసేస్తాం.

స్మీటన్ పద్ధతిని నూరేళ్ళ తర్వాత అమెరికాలో థామస్ పెర్రీ అందుకున్నాడు. అప్పటికి అక్కడి మైదానాల్లో నీళ్ళు తోడే గాలిమరలు వచ్చేశాయి. డేనియల్ హాలడే 1854లో వాటిని మొదలుపెట్టాడు. సన్నటి చెక్కపలకలు చాలా ఉన్న చక్రం, వెనక తోక, గాలి దిక్కుకు దానంతట అదే తిరుగుతుంది. పెర్రీ 1882, 83ల్లో ఆవిరియంత్రంతో తిరిగే చేతికి రకరకాల చక్రాలు బిగించి అయిదువేలకు పైగా పరీక్షలు చేశాడు. పాత చెక్క పలకల స్థానంలో వంపు తిరిగిన ఇనుప రెక్కలు అలా వచ్చాయి. ఆయన పని చేసే కంపెనీవాళ్ళు ఆసక్తి చూపలేదు. ఆ చక్రంతో 1888లో ఏర్‌మోటర్ కంపెనీ మొదలైతే, పోటీవాళ్ళు దాన్ని లెక్కల గాలిమర అని ఎగతాళి చేశారు. ఎగతాళి చేసినవాళ్ళ చెక్కచక్రాలు తర్వాత మూలపడ్డాయి.

ఇదంతా నేను చదవడానికి కారణం మా అమ్మాయి. పదోతరగతి. వేసవి సెలవుల చివర్లో పెరట్లోని మొక్కలకు నీళ్ళు తోడే గాలిమర చేస్తానంది. మాది అనంతపురం, ఆషాఢం గాలి గురించి మావాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆరేసిన చీర పక్కవీధిలో దొరుకుతుంది. మావారు సరే అన్నారు. మా వదిన ఊరినుంచి వచ్చి చూసి, "పదోతరగతి పిల్లకు ఈ రెక్కలూ తోకలూ ఏంది? పరీక్షలు ఈ గాలిమర రాస్తుందా?" అంది. ఆ మాట తేలిగ్గా తీసుకోలేం. ఆవిడ కొడుకు మార్కులు తగ్గి కోరిన సీటు రాక ఆ ఇల్లు ఏడాది పాటు ఎలా ఉందో నేను చూశాను. ఆదివారం రెండు గంటలు మాత్రమే అని ఒప్పందం పెట్టాం.

మా మామగారు కుర్రతనంలో కపిల తోలినవారు. రెండెద్దులు వాలుగట్టు మీద దిగుతుంటే తోలుతొండంతో నీళ్ళు పైకొచ్చే కపిల. ఆయన ఒకటే అడిగారు, "నీళ్ళు తోడుతుందా, ఊరికే తిరుగుతుందా?" అని.

నాలుగంగుళాల పీవీసీ పైపును నిలువునా చీల్చి, అరమీటరు చొప్పున ఎనిమిది రెక్కలు. పైపుకున్న వంపే రెక్కకు వంపు. ఇరుసుకు పాత సైకిలు ముందు చక్రం బొడ్డు, లోపల గోలీలు గ్రీజుతో సహా. వెనక రేకు తోక. ఇరుసు చివర చిన్న వంకరకమ్మీ, అది తిరిగితే కింద సన్నటి పైపులో దట్టా పైకీ కిందికీ ఆడుతుంది. ఆ పంపుకు కవాటాలు గాజుగోలీలే. దట్టా లేచినప్పుడు గోలీ లేచి నీళ్ళు రానిస్తుంది, దిగినప్పుడు కన్నం మీద కూర్చుని ఆపుతుంది.

రెక్కల వాలు తేల్చడానికి స్మీటన్ దారి పట్టింది. పెడెస్టల్ ఫ్యాను ముందు నిలబెట్టి, ఇరుసుకు పురికొస చుట్టి, గులకరాళ్ళ సంచి కట్టి, అది కిటికీ అంచు దాకా లేవడానికి ఎన్ని సెకన్లో రాసుకుంది. 35 డిగ్రీల దగ్గర సులువుగా కదిలింది, కానీ బద్ధకంగా తిరిగింది. 15 దగ్గర వేగం బాగుంది కానీ సంచి బరువైతే మొదట కదలడానికి మొండికేసింది. పంపు అంటే మొదటినుంచీ బరువే కనక ఇరవై దగ్గర బిగించింది. ఒక మీటరు అడ్డుకొలత చక్రం మీదికి సెకనుకు నాలుగు మీటర్ల గాలి వస్తే అందులో ఉండే శక్తి ముప్పై వాట్లు, రెండు మీటర్లకు పడిపోతే నాలుగు వాట్లు కూడా ఉండదని తనే లెక్కకట్టి చూపించింది. గాలిలో ఉన్నదంతా మనకు చిక్కదు. మా గోలీల పంపుకు చిక్కేది మరీ తక్కువ. గాలి బాగున్న సాయంత్రం పావుగంటకు ఒక బకెట్టు, కరివేపచెట్టుకూ జాజితీగకూ సరిపోతుంది. మామగారు కుర్చీ వేసుకుని ఆ బకెట్టు నిండేదాకా కూర్చున్నారు. వదిన అభిప్రాయం మారలేదు. పరీక్షలు ఇంకా ఉన్నాయి కాబట్టి నేనూ వాదించలేదు.

పెరటి గాలిమరల్లో చరిత్రకెక్కింది స్కాట్లండులో ఉంది. జేమ్స్ బ్లైత్ గ్లాస్గోలో ప్రొఫెసరు. సొంతూరు మేరీకిర్క్‌లో సెలవులకు వెళ్ళే ఇంటి తోటలో 1887 జులైలో గుడ్డరెక్కల గాలిమర నిలబెట్టి, దాంతో బ్యాటరీలు నింపి, ఇంట్లో దీపాలు వెలిగించాడు. గాలి కరెంటుతో వెలిగిన మొదటి ఇల్లు అదేనంటారు. కరెంటు మిగిలిపోతుంటే ఊరి పెద్దవీధిలో దీపాలు పెట్టుకోండి, ఊరికే ఇస్తానన్నాడు. ఊరివాళ్ళు అది సాతాను పని అని వద్దన్నారు. తర్వాత మాంట్రోజ్‌లోని మానసిక చికిత్సాలయానికి ఒకటి కట్టిచ్చాడు, వాళ్ళు వాడుకున్నారు.

నూట పదిహేనేళ్ళ తర్వాత ఆఫ్రికాలోని మలావిలో, కరువులో ఫీజు కట్టలేక బడి మానేసిన పద్నాలుగేళ్ళ విలియం కామ్‌క్వాంబా ఊరి గ్రంథాలయంలో ఒక పుస్తకం చూశాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం, బొమ్మలు చూసి అర్థం చేసుకున్నాడు. ముందు ఒక చిన్న నమూనా చేసి దాంతో రేడియో పలికించాడు. ఆ తర్వాత పెద్దది. ట్రాక్టరు ఫ్యాను, విరిగిన సైకిలు చట్రం, డైనమో, మంట మీద మెత్తబరిచి చదును చేసిన ప్లాస్టిక్ పైపు రెక్కలు. చెత్తకుప్పల్లో ఇనుము ఏరుతుంటే గంజాయి తాగుతున్నాడని, పిచ్చెక్కిందని ఊళ్ళో అనుకున్నారు. 2002లో అయిదు మీటర్ల కర్ర టవరు ఎక్కి చక్రానికి అడ్డుపెట్టిన ఊచ తీసేస్తే, చేతిలోని బల్బు వెలిగింది. ఇంట్లో నాలుగు బల్బులు వచ్చాయి, తర్వాత నీళ్ళు తోడే మరొకటి కట్టాడు. పిచ్చివాడన్న ఊరివాళ్ళే తమ సెల్‌ఫోన్లు పట్టుకుని చార్జింగ్ కోసం ఆ ఇంటి ముందు వరస కట్టారు.